కనబడని సాక్ష్యం

మా బోధను చెరకు రైతుకు తూకం చీటీ విలువ ఒకరు చెప్పనక్కరలేదు. చీటీ చేత ఉండీ చూపనివాని మాట ఎవరు నమ్ముతారు? 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం, 114వ సెక్షను చెప్పినదీ అదే: చూపగలిగిన సాక్ష్యాన్ని చూపకుంటే, అది దాచినవారికి ప్రతికూలమని న్యాయస్థానం ఊహించవచ్చు. వ్యాకరణం చెప్పినవాడిని గనుక ఆ 'వచ్చు' దగ్గర ఆగాను, 'వలె' అనలేదు.

ఆ చట్టం నిజామాబాదుకు 1951లో వచ్చింది. ఆనాడు జ్యూరీ ఉన్నచోట్ల న్యాయమూర్తి ఇటువంటి సూత్రాలను వారికి విడమరచి చెప్పేవారు. జ్యూరీ కారణాలు చెప్పనక్కరలేదు. 1973 నేరవిచారణ స్మృతిలో జ్యూరీకి చోటు లేదు. ఇప్పుడు న్యాయమూర్తి తనకు తానే ఆ హితవు చెప్పుకొని, కారణాలు వ్రాయాలి. 2024 జూలై 1న అమలైన కొత్త సాక్ష్య చట్టంలోనూ సూత్రం నిలిచింది.

2007లో ఇబ్రహీంపట్నం వసతిగృహంలో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. శిక్షపడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. మళ్ళీ దర్యాప్తు మొదలయ్యాక, వస్తుసాక్ష్యాలు విజయవాడ కోర్టులోనే ధ్వంసమైనట్లు బయటపడింది.

దాచినవాడుంటే ఊహ పనికివస్తుంది. కాపాడవలసిన చోటే సాక్ష్యం నశిస్తే ఎవరికి ప్రతికూలంగా ఊహించాలి? ఆ తల్లికి ఏ సెక్షను జవాబు చెబుతుంది, మిత్రులారా?