చదరంగపు బల్ల – లెక్కల పాఠము

ఖమ్మం మాగాణులు వెనుకబడి భద్రాచలం అడవులు మొదలయ్యే సరిహద్దున సత్తుపల్లి ఉన్నది. అక్కడి ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు చదరంగపు బల్లను చంకన పెట్టుకొని తరగతిలోనికి వచ్చినారనుకొందాము. పిల్లలు చప్పట్లు కొడతారు. సాయంత్రము ఆ సంగతి విన్న తండ్రి మాత్రము, “ఆటలాడటానికా నిన్ను బడికి పంపుతున్నది?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నను తీసివేయరాదు. కూలి పని మానుకొని కొడుకును బడికి పంపినవానికి ఆ గంట విలువ తెలుసు. అందుచేత చదరంగము నిజముగా ఏమి నేర్పుతుంది, ఏమి నేర్పదు అన్నది చరిత్రనే అడిగి చూతము.

రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగములు గల సేనకు చతురంగమని పేరు. ఆ పేరే ఈ ఆటకు వచ్చినది. 7వ శతాబ్దిలో బాణుడు రచించిన హర్షచరిత్రలో దీని ప్రస్తావన ఉన్నది. మన దేశమునుండి పారశీకమునకు, అక్కడినుండి అరబ్బుల దేశములకు, వారి ద్వారా ఐరోపాకు ఈ ఆట వెళ్ళినది. పూర్వము మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. 15వ శతాబ్ది చివర ఐరోపాలో అతనికి నేటి బలము వచ్చినది.

ఆటతోపాటు ఒక కథ కూడ ప్రయాణము చేసినది. ఆటను కనిపెట్టిన పండితుని రాజు మెచ్చి ఏమి కావలెనని అడిగినాడట. మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు 64 గళ్ళకు రెట్టింపు చేస్తూ ఇమ్మన్నాడట పండితుడు. ఇంతేనా అని రాజు నవ్వినాడట. కథ కల్పితము కావచ్చును గాని లెక్క కల్పితము కాదు. గ్రాముకు 25 గింజల చొప్పున చూస్తే మొదటి 20 గళ్ళకు కావలసినది సుమారు 42 కిలోలు, అంటే ఒక బస్తా కూడ నిండదు. 64 గళ్ళకు మొత్తము గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. ఇది సుమారు 73,800 కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతా ఏటా పండించే గోధుమ ఇంచుమించు 80 కోట్ల టన్నులు. అంటే రాజుగారి బాకీ తీరవలెనంటే 900 ఏళ్ళకు పైగా పండించిన పంటంతా ఇచ్చివేయవలెను!

క్రీ. శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీ ఈ మొత్తమును లెక్కకట్టినాడు. దీనికి 64 సార్లు రెట్టింపు చేయనక్కరలేదు. 2ను తనతో తాను హెచ్చిస్తే 4; దానిని అట్లే హెచ్చిస్తే 16; తరువాత 256; 65,536; 4,29,49,67,296. మరొక్కసారి హెచ్చించి, వచ్చినదానిలో 1 తీసివేస్తే సరి. ఘాతముల పాఠమునకు ఇంతకన్న మంచి ప్రవేశము దొరకదు.

మన పూర్వులు గుర్రపు నడకను కూడ ఊరక వదలలేదు. 9వ శతాబ్దిలో కాశ్మీరపు ఆలంకారికుడు రుద్రటుడు సగము బల్లమీది 32 గళ్ళలో అక్షరములను పేర్చి, గుర్రము ఎత్తులో చదివినా శ్లోకము కుదిరేటట్లు చేసినాడు. దీనిని తురగపదబంధమన్నారు. 14వ శతాబ్దిలో వేదాంత దేశికులు పాదుకాసహస్రములో ఈ విద్యను చూపినారు. ఐరోపాలో ఆయిలర్ అనే మహా గణితజ్ఞుడు 1759లో ఈ సమస్యపై వ్యాసము వ్రాసినాడు.

ఇందులోనుండి విద్యార్థులకు ఒక ప్రశ్న. అయిదు వరుసలు, అయిదు నిలువులు గల బల్లమీద గుర్రము ప్రతి గడిని ఒక్కొక్కసారి తొక్కి, బయలుదేరిన గడికే తిరిగి రాగలదా? రాలేదు. గుర్రము ఎత్తెత్తుకు నల్ల గడినుండి తెల్ల గడికి, తెల్ల గడినుండి నల్ల గడికి మారుతుంది. తిరిగి రావలెనంటే రెండు రంగుల గళ్ళు సమానముగా ఉండవలెను. 25 బేసి సంఖ్య గదా! ఒక్క గుర్రమునైనా కదల్చకుండ ఒక సత్యమును నిరూపించినాము. గణితమంటే ఇదే.

ఇక తండ్రి ప్రశ్నకు వత్తము. ఆర్మేనియా దేశము 2011లో చదరంగమును 2 నుండి 4 వరకు గల తరగతులలో నిర్బంధ పాఠ్యాంశము చేసినది. కాని ఇంగ్లండులో 100 పాఠశాలలలో జరిపిన ఒక పెద్ద పరీక్ష ఫలితములు 2016లో వెలువడినవి. తొమ్మిది పదేళ్ళ పిల్లలకు 30 వారములు చదరంగము నేర్పి, ఏడాది తరువాత చూస్తే లెక్కలలో వారికి, తక్కినవారికి భేదము కనబడలేదు.

ఇట్లు ఎందుకు జరిగినది? 1973లో అమెరికాలో చేజ్, సైమన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగములో కొంత సమాధానమున్నది. నిజమైన ఆటలోని పావులను అయిదు సెకండ్లు చూపితే ఉద్దండుడైన ఆటగాడు చాల వరకు తిరిగి పేర్చగలిగినాడు. పావులను అడ్డదిడ్డముగా చల్లి చూపితే అతనికి, కొత్తవానికి అట్టే తేడా లేదు. అంటే అతనికున్నది అన్నిటికి పనికివచ్చే జ్ఞాపకశక్తి కాదు, ఆటలోని అమరికల పరిచయము. ఒక నూతిలో తోడిన నీరు ప్రక్క పొలమునకు తనంత తాను పారదు, కాలువ తీయవలెను. ఆ కాలువ తీసేవాడే ఉపాధ్యాయుడు.

తెలుగువారికి చదరంగములో గొప్ప పేరే ఉన్నది. గుడివాడలో పుట్టి, తండ్రి వద్ద ఆట నేర్చిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ళ వయస్సున గ్రాండ్‌మాస్టర్ అయినది. వరంగల్లుకు చెందిన ఇరిగేశి అర్జున్ 2024లో 2800 రేటింగు దాటినాడు. వారు ఆటకొరకు ఆట నేర్చినవారు. ఆ దారి వేరు, తరగతి గది దారి వేరు. రెంటిని కలగలిపి, ఆడితే చాలు లెక్కలు వస్తవని పిల్లవానికి ఆశ చూపరాదు.

సత్తుపల్లి మాస్టారికి బల్ల కొనే డబ్బు లేకపోయినా నష్టము లేదు. సుద్దతో నేలమీద 64 గళ్ళు గీయవచ్చును. అందులో చిన్నవి పెద్దవి కలిపి చతురస్రములెన్ని అని అడగవచ్చును, అవి 204. తెలుగు పల్లెలలో రచ్చబండలమీద గీసి ఆడే పులి–మేక ఆట మరీ దగ్గరిది. ఆ పటములో ప్రతి కూడలినుండి ఎన్ని గీతలు పోతున్నవో లెక్కించి, అన్నిటిని కూడితే ఎప్పుడూ సరిసంఖ్యయే వస్తుంది. ఏ పటము గీసినా అంతే. ఎందుచేత? ప్రతి గీతకు రెండు కొనలుంటవి గనుక.

ఈ “ఎందుచేత” అన్న మాటను పిల్లవాడు ఇంటికి మోసుకొనిపోయి తండ్రినే అడిగిననాడు, ఆ గంట వృథా పోలేదని తండ్రికి వేరే చెప్పనక్కరలేదు.