భూమి పట్టిన జల్లెడ

విశ్వకిరణములు వెలుతురు వంటివేనని మిలికన్ పట్టుబట్టెను. అదే నిజమైన భూమిపై అంతటా సమానముగా పడవలెను. 1927లో జావా, యూరపుల మధ్య ఓడలో పయనించిన క్లే, భూమధ్యరేఖ చెంత వాని తీవ్రత తగ్గుట గమనించెను. 1932లో కాంప్టన్ జరిపించిన ప్రపంచవ్యాప్త కొలతలు దానిని బలపరచెను. విద్యుదావేశము గల కణములనే కదా భూ అయస్కాంతము మళ్ళించగలదు!

సముద్రమట్టమున ఈ భేదము స్వల్పము. బలహీన కణముల ప్రభావము గాలిలోనే అణగిపోవును. ఎత్తున అది స్ఫుటమగును. అందుకే 1939-40లో మిలికన్ బృందము, ఓడిన వాదమును పక్కనబెట్టి, పెషావరు, ఆగ్రా, బెంగుళూరులనుండి బెలూన్లు ఎగురవేసెను. దక్షిణమునకు వచ్చినకొద్దీ తీవ్రత తగ్గెను.

హైదరాబాదుపై నిలువుగా దిగు ప్రోటానుకు సుమారు 1600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావలెను. తక్కినవానిని భూమియే వడగట్టును. కనుకనే అక్కడి టాటా సంస్థ బెలూన్లలో ఎక్స్-కిరణ పరికరములకు ఈ కణముల బెడద తక్కువ.