పంకా తాడు, ఫ్యాను దుమ్ము

సంక్రాంతికి బూజు దులిపేటప్పుడు మా ఇంట్లో ఫ్యాన్లు ఎప్పుడూ అమ్మ వంతు. మంచం మీద స్టూలు, స్టూలు మీద అమ్మ. కింద పట్టుకోవడం నా వంతు. పోయినేడాది నేను ఆఫీస్ కాల్‌లో ఉంటే ఒక్కతే ఎక్కి, జారి, మణికట్టు విరగ్గొట్టుకుంది. ఈసారి మెయిన్ ఆపేసి నేనెక్కాను.

రెక్కల అంచుల మీద నల్లటి జిడ్డు. అంత వేగంగా తిరిగేదాని మీద దుమ్మెలా నిలుస్తుందని చిన్నప్పుడు ఆశ్చర్యపోయేవాణ్ణి. ఇంజనీరింగ్‌లో జవాబు దొరికింది. రెక్కని ఆనుకుని ఉండే పల్చటి గాలి పొర రెక్కతో పాటే తిరుగుతుంది. గాలిని చీల్చే అంచుకి గుద్దుకున్న నలుసుని అక్కణ్ణుంచి ఊడ్చే గాలే ఉండదు. వంటింటి నూనె పొగ దాన్ని అతికించేస్తుంది.

మా అమ్మమ్మ ఫ్యాన్‌ని పంకా అనేది. ఆ మాట కరెంటు కంటే పాతది. పంతొమ్మిదో శతాబ్దపు కచేరీల్లో, దొరల బంగళాల్లో పంకా అంటే పైకప్పుకి వేలాడే, గుడ్డ బిగించిన పొడవాటి చట్రం. దాని తాడు గోడకున్న కన్నంలోంచి వరండాలోకి పోయేది. ఆ చివర ఒక మనిషి. లోపలివాళ్ళకి గాలి తగలాలి, మనిషి కంటపడకూడదు. రాత్రంతా లాగాలి కాబట్టి కొందరు వెల్లకిలా పడుకుని కాలి వేలికి తాడు కట్టుకునేవాళ్ళు. కునుకు పడితే బూటు కాలితో తన్నులు. ఆ దెబ్బలకి చచ్చిపోయినవాళ్ళున్నారు. కోర్టులో డాక్టరొచ్చి, మలేరియాతో ముందే ఉబ్బిన ప్లీహం పగిలిందని చెప్పేవాడు. దాంతో హత్య కాస్తా చిన్న తప్పయ్యేది. 1876లో ఆగ్రాలో ఫుల్లర్ అనే తెల్ల వకీలు కొట్టిన దెబ్బకి అతని గుర్రాలవాడు పోతే, పడిన జరిమానా 30 రూపాయలు. వైస్రాయ్ లిట్టన్ అది అన్యాయమన్నాడు. ఇక్కడి ఇంగ్లీషు పత్రికలకి కోపం ఫుల్లర్ మీద రాలేదు, లిట్టన్ మీదొచ్చింది.

ఫోర్‌స్టర్ నవల 'ఎ పాసేజ్ టు ఇండియా' (1924)లో కోర్టు సీను గుర్తుందా? పంకా లాగేవాణ్ణి అందులో దాదాపు దేవుణ్ణి చేస్తాడు రచయిత. కేసు తేలిపోయి అందరూ వెళ్ళిపోయినా అతను తాడు లాగుతూనే ఉంటాడు. గొప్ప సీనే, కాదనను. కానీ అంత అందం ఇచ్చినవాడు ఒక పేరు ఇవ్వలేకపోయాడా అని నాకు ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

ఇక కరెంటు ఫ్యాను. 1880ల్లో అమెరికాలో, సింగర్ కుట్టుమిషన్లకి మోటార్లు చేసిన ఫిలిప్ డీల్, అలాంటి మోటారునే పైకప్పుకి బిగించి రెక్కలు పెట్టాడు. కలకత్తాకి 1899లో కరెంటు సరఫరా మొదలైంది. ఆ తర్వాత నగరాల్లో తాడు లాగే పని మెల్లగా పోయింది. పేరు మాత్రం మోటారుకి మిగిలింది.

పోయిందంటే పూర్తిగా పోలేదేమో. తాడు బదులు తడిగుడ్డ వచ్చింది, వరండా బదులు స్టూలు.

పాత దిండు గలీబు రెక్కకి తొడిగి లాగితే దుమ్మంతా అందులోనే పడుతుంది, మంచం మీద రాలదు. జిడ్డుకి సర్ఫు నీళ్ళలో పిండిన గుడ్డ చాలు. గట్టిగా నొక్కకూడదు, రెక్క వంగితే ఫ్యాను ఊగుతుంది. హాల్లో ఫ్యాను నెమ్మదించింది కానీ అది దుమ్ము వల్ల కాదు, కెపాసిటర్ అరిగింది. 2.5 మైక్రోఫారడ్‌ది తెచ్చి మార్చాను.

అమ్మ కింద నిలబడి, అతుక్కున్న చేత్తోనే స్టూలు పట్టుకుంది. వద్దన్నా వినలేదు.

"పైన తుడవలేదురా," అంది. "నీకు కనపడదు, చెయ్యి పెట్టి చూడు."

పెట్టి చూస్తే నిజమే.