క్వై వంతెన దగ్గర మలయా తాత కోసం

'ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వై' సినిమా మా తరం వాళ్ళు చాలామంది చూసే ఉంటారు. 1957లో వచ్చింది. అందులో బ్రిటిష్ యుద్ధఖైదీలు చెక్క వంతెన కడతారు, చివర్లో అది పేలిపోతుంది. తీసింది సిలోన్‌లో. అసలు వంతెన థాయ్‌లాండ్‌లో కాంచనబురి ఊళ్ళో ఉంది. ఇనుప వంతెన. నిక్షేపంగా నిలబడి ఉంది.

కిందటేడు ఇండియా వెళ్తూ బాంకాక్‌లో ఆగి, మా అబ్బాయితో వెళ్ళి చూసి వచ్చాను. నోవైలో మా వీధిలో కార్ల కంపెనీల పనిమీద వచ్చిన జపాన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. పక్కింటాయన "సెలవులకు ఎక్కడికి?" అని అడిగితే బాంకాక్ అని చెప్పి ఊరుకున్నాను. వంతెన మాట ఎత్తడానికి ఎందుకో నోరు రాలేదు.

మా తాతగారి అన్న ఒకాయన శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వెళ్ళాడు. ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి విశాఖపట్నం, కాకినాడ రేవుల మీదుగా వేలమంది అలా వెళ్ళారు. యుద్ధం వచ్చాక ఆయన ఉత్తరాలు ఆగిపోయాయి. "రైలు పనికి పట్టుకుపోయారట" అనేది మా మామ్మ. ఏ రైలని అడగాలని చిన్నప్పుడు తోచలేదు.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి వచ్చింది. బర్మాలో ఉన్న తమ సైన్యానికి సముద్రం మీద సరుకులు పంపడం ప్రమాదమని, థాయ్‌లాండ్ నుంచి బర్మాకి అడవుల్లో 415 కిలోమీటర్ల రైలుదారి మొదలుపెట్టారు. 1943 అక్టోబరుకల్లా పూర్తి చేశారు. 60 వేలకు పైగా యుద్ధఖైదీలు పనిచేస్తే 12 వేలకు పైగా చనిపోయారు. ఇది అందరికీ తెలిసిన కథ. వాళ్ళకు మూడు నాలుగు రెట్లు ఆసియా కూలీలు పనిచేశారు. వాళ్ళలో పోయినవాళ్ళు 90 వేలదాకా ఉంటారని అంచనా. మలయా నుంచి దాదాపు 78 వేలమంది వెళితే 30 వేలమంది తిరిగి రాలేదని యుద్ధం తర్వాత బ్రిటిష్‌వాళ్ళు తేల్చిన లెక్క. వాళ్ళలో ఎక్కువమంది తోటల్లో పనిచేసే మన దక్షిణాది వాళ్ళే.

ఎలా వెళ్ళారంటే, రబ్బరు కొనేవాళ్ళు లేక తోటల్లో పని పోయింది. మూడు నెలలే పని, రోజుకో డాలరు కూలి, తిండి పెడతాం అంటే కొందరు నమ్మి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోయేసరికి మిగిలినవాళ్ళు జడిశారు. అప్పుడు ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి, అటునుంచి అటే రైలెక్కించిన సంగతులు కూడా ఉన్నాయి. ఖైదీలకు కనీసం తమ సైన్యం డాక్టర్లున్నారు, నీళ్ళు కాచి తాగండని చెప్పే ఆఫీసర్లున్నారు. కూలీలకు ఎవరూ లేరు. 1943 వానాకాలంలో కలరా వచ్చినప్పుడు వాళ్ళ పాకలు పాకలే ఖాళీ అయిపోయాయి.

వంతెన మీద నడవనిస్తారు. రైలొస్తే పక్కకు తప్పుకోవడానికి మధ్యమధ్య చిన్న అరుగులున్నాయి. వంపు తిరిగిన ఇనుప కమానులు జావా నుంచి తెచ్చినవి. 1944, 45ల్లో మిత్రదేశాల విమానాలు బాంబులు వేసి కూల్చిన భాగంలో, యుద్ధమయ్యాక కట్టిన రెండు పలకల కమానులు వేరేగా కనిపిస్తాయి. రైలు ఇప్పుడు నామ్ తోక్ దాకానే వెళ్తుంది. ఆ పైన బర్మాదాకా పట్టాలు ఎప్పుడో పీకేశారు.

ఊళ్ళో సైనికుల శ్మశానం ఉంది. దాదాపు 7 వేల సమాధులు, కత్తిరించిన పచ్చిక, రాళ్ళ మీద పేర్లు, వయసులు. మావాడు అమెరికన్ల కోసం వెతికాడు. ఒక్కరూ లేరు. మునిగిపోయిన హ్యూస్టన్ అనే యుద్ధనౌక నావికులు, టెక్సస్ ఫిరంగిదళం వాళ్ళు ఈ దారి మీద పనిచేసి 130 మంది దాకా చనిపోయారు. వాళ్ళ అస్థికల్ని యుద్ధమయ్యాక అమెరికా తీసుకుపోయింది.

"మరి మనవాళ్ళు?" అన్నాడు. 1990లో ఇదే ఊళ్ళో ఒక చెరుకుతోటలో తవ్వితే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయని చెప్పాను. పేర్లు లేవు.

వంతెనకు దగ్గర్లోనే, పని పూర్తయ్యాక 1944లో జపాన్ సైన్యమే కట్టిన స్మారకస్తంభం ఉంది. చనిపోయినవారి కోసం పలు భాషల్లో పలకలు పెట్టారు. అరవంలో కూడా ఉంది. చుట్టూ రెండుసార్లు తిరిగాను, తెలుగు లేదు. ఖైదీలు రాసుకున్న జ్ఞాపకాల్లోనూ మలయా తోటల కూలీలంతా 'తమిళులే'. అరవవాళ్ళ మీద నాకేం కోపం లేదు, పోయినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. కానీ మనవాళ్ళు చచ్చిపోయాక కూడా వేరే పేరు కిందే లెక్కకొచ్చారు.

నోవైకి తిరిగొచ్చాక మావాడు ఉండబట్టలేక పక్కింటాయనకు ఫోటోలన్నీ చూపించాడు. స్మారకస్తంభం మీది జపాన్ అక్షరాలు ఆయన చాలాసేపు చూశాడు. పోయినవారి ఆత్మలకు ఊరట కోసమని రాసి ఉందన్నాడు. కాసేపాగి, మీ బంధువు పేరేమిటి అని అడిగాడు.

నేను తెల్లమొహం వేశాను. మా ఇంట్లో ఆయన్ని ఎప్పుడూ మలయా తాత అనే అనుకున్నాం. ఆ రాత్రే ఇండియాకి ఫోన్ చేసి మా నాన్నని లేపి అడిగాను.