వర్డ్ ప్రాసెసరులందలి మాక్రోలు: వాని పుట్టుపూర్వోత్తరములు

ఒకే క్రమమున మరల మరల నొక్కవలసిన మీటల వరుసను ఒక్కమాఱు కంప్యూటరునకు నేర్పి, పిదప నొక్క యాజ్ఞతో నడిపించుకొను సాధనమునకు మాక్రో యని పేరు. ఈ పదమునకు మూలమైన గ్రీకు శబ్దమునకు దీర్ఘమని యర్థము. 1950వ దశాబ్దమున ప్రోగ్రాములు వ్రాయువారు, అనేకాజ్ఞలకు బదులుగా నిలుచు నొక్క యాజ్ఞకు ఈ పేరిడిరి. అదియే తరువాత వ్రాయసగాండ్ర పనిలోనికిని వచ్చినది.

అమెరికాలో ఎం.ఐ.టి. విద్యాసంస్థయందు 1960వ దశాబ్దారంభమున డాన్ మర్ఫీ యనునతఁడు టెకో యను పాఠసంస్కరణ ప్రోగ్రామును నిర్మించెను. దాని యాజ్ఞలు చాలవఱకు ఏకాక్షరములు. వానితోఁ గూర్చిన మాక్రోను చూచినచో అర్థములేని యక్షరముల కుప్పవలె నుండును. 1970 తరువాత అచ్చటి కృత్రిమమేధా పరిశోధనాలయమున నెవరికి వారే తమ మాక్రోలను గల్పించుకొనిరి. ఫలితమేమన, ఒకరి మీట మఱియొకరి యొద్ద వేఱు పని చేయుచుండెను. తోడివాని యంత్రము ముందు గూర్చున్నవానికి చేయి యాడదయ్యెను. ఈ గందరగోళమును దీర్చి యన్నిటిని ఏకము చేయుటకు గై స్టీల్ పూనుకొనఁగా, 1976లో రిచర్డ్ స్టాల్‌మన్ ఆ పనిని గొనసాగించి ఈమాక్స్‌ను రూపొందించెను. ఆ పేరునందే మాక్రోలనుమాట యిమిడియున్నది. 1985లో వెలువడిన గ్నూ ఈమాక్స్‌లో, కంట్రోలు ఎక్స్ నొక్కి ఎడమ కుండలీకరణముతో రికార్డును మొదలిడి, అట్లే కుడి కుండలీకరణముతో ముగింతురు. వ్యాకర్తలకు గూడ నచ్చఁదగిన సంకేతమిది.

ఐనను ఇదంతయు పండితుల గోష్ఠి. మాక్రోను సామాన్య లేఖకుల చేతికిఁ దెచ్చిన వానిలో వర్డ్‌పర్‌ఫెక్ట్ ముఖ్యము. యూటా రాష్ట్రమందలి ఓరెం పురపాలకసంఘము కొఱకు అలన్ ఆష్టన్, బ్రూస్ బాస్టియన్ అనువారు 1979లో ఆరంభించిన కృషినుండి యిది పుట్టినది. 1989లో వచ్చిన దాని 5.1వ కూర్పున కంట్రోలు ఎఫ్10 నొక్కి మాక్రోకు పేరిడిన, రికార్డు సాగుచున్నదని తెరమూలను ఒక సూచన మినుకుమినుకుమనుచుండును. పని ముగిసిన పిదప మరల నా మీటలనే నొక్కవలెను. నడపుటకు ఆల్ట్ ఎఫ్10. న్యాయవాదుల కార్యాలయములలో ప్రోగ్రామన నేమో యెఱుఁగని గుమాస్తాలు సైతము ఈ విధమునఁ దమ పనికిఁ దగిన యాజ్ఞలను దామే కల్పించుకొనిరి.

అయితే నేర్చువారికి మొదటి పాఠము వైఫల్యమే. యంత్రము చేతి కదలికను గుర్తించునుగాని మనస్సులోని యుద్దేశమును గుర్తింపదు. పంక్తి మొదటనున్న పద్యసంఖ్యను తొలఁగింపఁదలఁచినవాఁడు పంక్తి నడుమ నుండియే రికార్డు మొదలిడి, కుడియెడమలకు మీటలు లెక్కించి కదలినచో, పై పంక్తికి సరిపడిన మాక్రో క్రింది పంక్తిలోని యక్షరములను మ్రింగివేయును. కావున మొదట పంక్త్యాదికిఁ బోవుట, చివర మఱుసటి పంక్తికి దిగుట యను రెండు నియమములు అనుభవమున నేర్పడినవి. వర్డ్‌పర్‌ఫెక్ట్‌లో వెదకిన పదము దొరకనిచో మాక్రో ఆఁగిపోవును. నేర్పరులు దీనినే యుపాయముగాఁ గైకొని, మాక్రో చివర దాని పేరునే పిలిపించి, గ్రంథాంతము వఱకు నడిపించిరి. లోపమును గుణముగా మార్చుకొన్న యీ యుపాయము మిక్కిలి మెచ్చఁదగినది.

1989లోనే విండోస్ కొఱకు వెలువడిన మైక్రోసాఫ్ట్ వర్డ్ వేఱు త్రోవఁ ద్రొక్కెను. అందు రికార్డు చేసిన చర్యలు వర్డ్‌బేసిక్ భాషలో వ్రాఁతగా నిలుచును. వర్డ్ 97 నుండి ఆ స్థానమును విజువల్ బేసిక్ ఆక్రమించెను. ఆ వ్రాఁతను చదివి దిద్దుకొనుటయే యనేకులకు ప్రోగ్రామురచనలో నోనమాలయినది. ఇచ్చటను చిక్కు లేకపోలేదు. అక్షరములను ముద్దగాఁ జేయుటకు ఫాంట్ల పట్టికను దెఱచిన, అందలి పరిమాణాదులన్నియు రికార్డునఁ జేరును. తరువాత మాక్రోను నడపిన చోటనెల్ల అక్షరముల పరిమాణము గూడ మాఱుటఁ జూచి క్రొత్తవారు విస్తుపోవుదురు. అక్కఱలేని పంక్తులను గొట్టివేయుట తెలిసినవాఁడే యీ విద్యలో నొకమెట్టెక్కినవాఁడు.

ఉద్దేశమును విచారింపక యాజ్ఞను బాలించు నీ స్వభావమే యనర్థమునకుఁ గారణమయ్యెను. వర్డ్ పత్రమునందే మాక్రో యుండవచ్చును. పత్రము దెఱవఁగానే తనంత నడువవచ్చును. 1995లోఁ గనఁబడిన కాన్సెప్ట్ అను వైరసు ఈ మార్గముననే యెల్లెడల వ్యాపించెను. అది తెరపై ఒకటి యను సంఖ్యను జూపుటకన్న నెక్కువ కీడు చేయలేదు. 1999 మార్చి 26వ తేదీన బయలుదేఱిన మెలిస్సా యట్లు కాదు. అది చిరునామాల పట్టికలోని మొదటి 50 మందికిఁ దన్నుఁ దానే పంపుకొని, పెక్కు సంస్థల యుత్తరప్రత్యుత్తరములను స్తంభింపఁజేసెను. దాని కర్తకు 2002లో 20 నెలల కారాగారశిక్ష పడెను.

అటుపిమ్మట మాక్రోలను నడుపుటకు ముందు అనుమతి నడుగు పద్ధతి బలపడినది. చదువకయే సరేయనుట మానవస్వభావము గావున నదియుఁ జాలదయ్యెను. తుదకు 2022లో మైక్రోసాఫ్టువారు ఇంటర్నెట్టునుండి వచ్చిన పత్రములందలి మాక్రోలను సహజముగనే నిరోధించు నేర్పాటు గావించిరి. తన యంత్రమునఁ దాను రికార్డు చేసికొన్న మాక్రోకు ఈ నిరోధము తగులదు.