మన ఊరి చిత్రికలు

రజతోత్సవ సంచికకు ఘంటసాల చరిత్రనుగూర్చి ఒక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. స్తూపమునుగూర్చియు, శాసనములనుగూర్చియు పండితులు వ్రాసియే యున్నారు. లెక్కలు వ్రాయుట వృత్తిగా గల నాకు పట్టికలమీదనే చూపు. కావున మన గ్రంథాలయపు ఆస్తిపట్టికలో నా చేతితో తప్పుగా వ్రాసిన ఒక పద్దును దిద్దుకొనుటకే ఈ పుటలను వినియోగించుకొనుచున్నాను. ఆ పద్దు ఇది: “పాత కర్రముక్కలు, 11.” అవి కర్రముక్కలు కావు, చిత్రికలు.

క్రీ.శ. 2వ శతాబ్దమున టాలెమీ పేర్కొనిన కంటకోస్సిల అను వర్తకస్థానము మన ఘంటసాలయే యని విద్వాంసుల అభిప్రాయము. ఇచ్చటి ప్రాకృత శాసనమొకటి శివకుడను మహానావికుని స్మరించుచున్నది. ఓడలు నడచినచోట కర్రపని లేకుండునా? అయితే చెదలకును, ఉప్పుగాలికిని కర్ర నిలువదు, రాయి నిలుచును. ఆ రాతిలోనే వడ్రంగి జాడ కనబడును. అమరావతి స్తూపము చుట్టు నుండిన రాతి కంచెను తలచుకొనుడు. నిలువు స్తంభములకు రంధ్రములు తొలిచి, వానిలో అడ్డకమ్ములను దూర్చి, పైన దిమ్మను కప్పిరి. వీనికి స్తంభము, సూచి, ఉష్ణీషము అని పేర్లు. బరువుతోనే నిలువగల రాతికి ఈ దూర్పుడు పని అవసరము లేదు. అది కర్రకంచె కట్టు పద్ధతి. శిల్పికి వడ్రంగి గురువయ్యెనన్నమాట.

అమరకోశము వడ్రంగిని తక్షుడు, వర్ధకి, త్వష్ట, రథకారుడు అనును. తక్షశబ్దములోనే చెక్కుట అను అర్థమున్నది. చెక్కుటకు బాడిశ. మన బండ్లు, నాగళ్ళు, దూలములు బాడిశ దెబ్బకు రూపెత్తినవే. చిత్రిక పని వేరు. బాడిశ ఎంత లోతు తెగవలెనో చేయి నిర్ణయించును. చిత్రికలో దిమ్మ నిర్ణయించును. దిమ్మ అడుగున అలుగు వెంట్రుకవాసి బయటికి వచ్చినచో వెంట్రుకవాసి పొట్టే లేచును. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపే నగరమున రోమనుల చిత్రికలు దొరికినవి. దిమ్మ, వాలుగా నిలిపిన అలుగు, దానిని బిగించు చీల, ఈ మూడును అప్పటికే కుదిరియున్నవి.

మన డెల్టాలో చిత్రికకు పని పెరిగిన కాలము వేరు. 17వ శతాబ్దమున బందరులో డచ్చివారును, ఇంగ్లీషువారును వర్తకశాలలు పెట్టిరి. నర్సాపురము ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి కెక్కెను. 1855లో బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియయ్యెను. కాలువలు పారినవి, వరి పండినది. గోదావరిపై తెప్పలుగా వచ్చిన టేకు దూలములు రాజమహేంద్రవరము చేరి, కాలువపడవలమీద మన ప్రాంతములకు దిగినవి. మండువా లోగిళ్ళు లేచినవి. ద్వారబంధములకు పూలు, తలుపులకు దిలాసాలు, అంచులకు కమ్మీలు కావలసివచ్చెను. అప్పుడు ఒక్క చిత్రిక చాలదాయెను.

ఏ చిత్రిక దేనికో చెప్పెదను. మొదటి పని గరుకు తీయుట. దానికి అలుగు అంచు కొంచెము గుండ్రముగా నుండవలెను. పొట్టు మందముగా లేచును. రెండవది పొడవాటి చిత్రిక. పలక అంచు తిన్నగా రావలెనన్న దిమ్మ పొడవుగా నుండవలెను. పొట్టిది పల్లములలోనికి దిగి, మెరకలపై కెక్కి, వంకరను వంకరగానే నునుపు చేయును. పొడవైనది పల్లములను దాటి మెరకలనే కోయును. చివరి నునుపుకు మాత్రము పొట్టిదే మేలు. ఈ మూడును ప్రతి వడ్రంగియొద్దను ఉండును.

ప్రత్యేకమైనవి ఆపైన. మూలలో మెట్టు తీయుదానికి అలుగు దిమ్మ వెడల్పంతయు నుండవలెను. లేనిచో అంచువరకు తెగదు. గాడి తీయుదానికి ప్రక్కన ఆనుడుబద్ద యుండును; అది పలక అంచును పట్టుకొని నడచుటచే గాడి ప్రక్కకు పోదు. కమ్మీ తీయువానిలో దిమ్మ అడుగే కమ్మీకి ప్రతిరూపము: కమ్మీలో పొంగు ఉన్నచోట దిమ్మలో గుంట. అందుచే ఒక్కొక్క వంపునకు ఒక్కొక్క చిత్రిక. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కువారిని చూచినవారికి ఇది సులభముగా బోధపడును. అచ్చు పోయినచో ఆ పువ్వు పోయినట్లే.

అలుగు సాధారణముగా 45 డిగ్రీల వాలున నిలుచును. ఎదురునార గల గట్టి కర్రకు ఇంకను నిటారుగా నుండుట మంచిది. అలుగు ముందరి సందు ఎంత సన్నమైన నార అంత తక్కువ చిట్లును. కొనునపుడు చూడవలసినది మెరుపు కాదు: అడుగు తిన్నగా నున్నదా, అలుగు తన గూటిలో కదలక కూర్చున్నదా యని.

అమెరికాలో లెనార్డు బెయిలీ ఇనుప చిత్రికలను రూపొందించెను; 1869లో స్టాన్లీ కంపెనీ ఆ హక్కులు కొనెను. 1880వ దశకమున వారి 45వ నంబరు చిత్రిక వచ్చెను. ఒకే చట్రమున అలుగులు మార్చి గాడి, మెట్టు, కమ్మీ తీయవచ్చును. మన పల్లె వడ్రంగి మాత్రము చేవగల కర్రతో తన చిత్రికను తానే చేసికొనెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత ఈ ప్రాంతమున కాంక్రీటు ఇండ్లు పెరిగినవి. పిమ్మట యంత్రములు వచ్చినవి. చిత్రికల పెట్టె అటకెక్కెను.

ఇక నా పద్దు. గ్రంథాలయము స్థాపించిననాడు మన బీరువాలు చేసిన వృద్ధుడు తుదిదినములలో తన పెట్టెను మనకు ఇచ్చెను. పుస్తకములకు ఇల్లు కట్టిన పనిముట్లు పుస్తకములయొద్దనే యుండవలెనని ఆయన కోరిక. నేను ఒక్కటియు తెరచి చూడక, ముక్కలు లెక్కించి వ్రాసి, పెరటి గదిలో నేలమీద పెట్టించితిని.

గత సంవత్సరము ఒక బీరువా తలుపు కమ్మీ చెదలపాలయ్యెను. పట్టణమున కొనితెచ్చిన కమ్మీ వంపు కలియలేదు. ఆ వృద్ధుని మనుమడు చూచి, “బాబాయిగారూ, తాత పెట్టెలో వెదకితిరా?” అనెను. వెదకితిమి. పాత కమ్మీపై ఒక్కొక్క చిత్రికను ఆనించి చూడగా ఏడవది సరిగా కూర్చుండెను. తుప్పు వదలించి, సానబట్టి, రెండు దినములలో ఆతడు కొత్త కమ్మీ తీసెను. ఏది పాతదో, ఏది కొత్తదో నేడు మీరు చెప్పజాలరు. కాని పదకొండింటిలో రెండు చెదలు తిని పొడియైపోయినవి. ఆ రెండు వంపులు ఇక రావు. ఆ నష్టము నా కలముది.

భాషను చిత్రికపట్టవలెనని పెద్దలందురు. నేను నా పద్దును చిత్రికపట్టి తిరిగి వ్రాసితిని: “చిత్రికలు, 9, పేరు, పని, కమ్మీ నమూనాలతో.” నమూనాలను ఆ మనుమడే తీసియిచ్చెను. అవి రెండవ బీరువా పై అరలో నున్నవి. మీ యింటి గుమ్మపు కమ్మీ విరిగినచో, పారవేయకముందు ఒక ముక్క తెచ్చి వానితో సరిచూచుకొనుడు.