రెండు గుంతల మరుగుదొడ్డి

పరకాల నుండి భూపాలపల్లికి పోవు బాటమీద రేగొండ యున్నది. 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, ఆ యేటి నుండి భూపాలపల్లి జిల్లాలో చేరిన మండల కేంద్రమిది. నీటిని కట్టి నిలుపుట, వలసినప్పుడు విడుచుట ఈ ప్రాంతమువారికి క్రొత్త విద్య కాదు. కాకతీయుల కాలమునాటి గణపురము చెరువు, రామప్ప చెరువు సమీపమందే యున్నవి. పాత చెరువుల తూములలో రెండు రాతి స్తంభముల నడుమ ఒక నిలువు కఱ్ఱ యుండెడిది. దాని కొనకు బిగించిన బిరడాను పైకెత్తిన నీరు దిగును, దింపిన ఆగును.

నేడు ఇండ్లలో అమర్చు ఫ్లష్ తొట్టె పని చేయునదియు ఈ సూత్రము మీదనే. మీట నొక్కిన బిరడా లేచును, తొట్టె ఖాళీ కాగానే తిరిగి కూర్చుండును. రాత్రియంతయు నీరు కారుచున్నదని మేస్త్రీకి కబురు పంపువారు ముందుగా ఆ బిరడా అంచును వ్రేలితో తడిమి చూడవలెను. బోరు నీటిలోని సుద్ద అచట పొరగా పేరుకొని యుండును. గుడ్డతో తుడిచిన పెక్కు సందర్భములలో కారుట నిలిచిపోవును.

అయితే చెరువు తూమును కనిపెట్టుటకు ఊరిలో నీరటి యుండెడివాడు. ఇంటి మరుగుదొడ్డిని కనిపెట్టువాడెవడు? చరిత్రలో చిక్కంతయు ఈ ప్రశ్నలోనే యున్నది. పల్లెలలో నిన్నమొన్నటి వరకు చెంబు పట్టుకొని చేనిగట్టునకు పోవుటే వాడుక. స్త్రీలకు చీకటి పడువరకు ఆగక తప్పెడిది కాదు. పట్టణములలో పాకీదొడ్లుండెడివి. వాటిని ఎత్తి మోయు పని కొన్ని కులములవారి నెత్తిన పెట్టి, తక్కినవారు ముక్కు మూసికొనిరి.

దుర్వాసనను నీటితో అడ్డగింపవచ్చునను యుక్తికి మొదట పేటెంటు పొందినవాడు లండనులో గడియారములు చేయు అలెగ్జాండరు కమింగు. అది 1775వ సంవత్సరము. గొట్టమును వంపు త్రిప్పినచో ఆ వంపులో కొంత నీరు ఎల్లప్పుడును నిలిచి, క్రింది వాయువును పైకి రానీయదు. మన పల్లెలలోని చెంబునీటి మరుగుదొడ్డి పళ్లెము క్రింద నున్న వంపు అదియే. అందు నిలుచు నీటి మట్టము 20 మిల్లీమీటర్లు మాత్రమే. పళ్లెము వాలు నిటారుగా నుండుటచే రెండు లీటర్ల లోపు నీటితోనే శుభ్రమగును. బిందెలతో నీరు మోసికొను ఇండ్లకు ఇది తగిన యేర్పాటు. కుళాయి నీటికై తెలంగాణలో మిషన్ భగీరథ ఆరంభమైనది 2016లో గదా!

ఆ కొంచెము నీరే ఇంటికి కావలి. కొన్నాళ్లు ఊరికి పోయి వచ్చినప్పుడు ఇల్లంతయు కంపు కొట్టినచో భయపడ నక్కరలేదు. వంపులోని నీరు ఆరిపోయి యుండును, ఒక చెంబెడు పోసిన చాలును. పోసినను కంపు తగ్గకున్న మేస్త్రీ పళ్లెమును వాలుగా కూర్చెనని అనుమానింపవలెను.

ఇట్టి చౌక పళ్లెముల నిర్మాణముపై 1950 దశకములో మద్రాసు చెంతనున్న పూనమల్లిలోను, బెంగాలులోని సింగూరులోను, ఢిల్లీ చెంత నజఫ్‌గఢ్‌లోను ప్రయోగములు జరిగినవి. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ రెండు గుంతల పద్ధతిని పట్టణములందు వ్యాప్తి చేసెను. దీని యుక్తి మిక్కిలి సులువు. మీటరు వెడల్పు, అంతకు కొంచెము మించిన లోతుగల రెండు గుంతలు. గోడలకు సందులుండును, అడుగున సిమెంటు ఉండదు. నడుమ నొక చిన్న తొట్టె, అందు రెండు దారులు. ఒక దారి మూసి రెండవది తెఱచి యుంచవలెను. అయిదుగురున్న ఇంటికి ఒక గుంత సుమారు మూడేండ్లు వచ్చును. నిండిన పిమ్మట దారి మార్చి, దానిని రెండేండ్లు విడిచిపెట్టిన లోపలిది వాసన లేని ఎరువగును. ఇంటివాడే పారతో తీసి చేనిలో వేసికొనవచ్చును. ఇంకొకని పిలువవలసిన పని లేదు.

1993లోను, మరల 2013లోను పాకీపనిని నిషేధించు చట్టములు వచ్చినవి. చట్టము చేయలేని పనిని ఈ రెండవ గుంత చేయగలదని నా నమ్మకము. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్లు ప్రాంతమునందలి గంగదేవిపల్లికి వచ్చి, అట్టి గుంతలోనికి దిగి స్వహస్తములతో ఎరువును ఎత్తెను. ఢిల్లీ అధికారి చేసినది మన ఇంటి యజమాని చేయరాదా?

చేయవచ్చును, అయితే గుంత సరిగా కట్టియుండవలెను. 2014 తరువాత ప్రభుత్వమిచ్చు 12,000 రూపాయలతో కట్టుకొన్నవారిలో, ఒక్క గుంతయే మేలని పది పన్నెండు సిమెంటు ఒరలు దించినవారిని చూచితిని. లోతు పెరిగిన కొలది ఎన్నడును నిండదని వారి ఊహ. అది నిండును, ఎన్నడును ఎండదు. బావినీటితో కలియును. మఱికొందరు రెండు గుంతలు త్రవ్వియు, రెండు దారులను ఒక్కసారే తెఱచి యుంచిరి; రెండును కలిసి నిండినవి. అట్టి పచ్చిగుంతలో హైడ్రోజన్ సల్ఫైడు వాయువుండును. మొదట కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చును, మోతాదు హెచ్చిన ముక్కు మొద్దుబారి ఆ వాసనయే తెలియదు. దిగినవానిని పైకి లాగబోయి రెండవవాడును పడిపోవును. దానిలోనికి యజమాని గాని, కూలికి వచ్చినవాడు గాని దిగరాదు. యంత్రముతోనే తోడింపవలెను.

మా యింట జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. పెరడు అందముగా నుండవలెనని గచ్చు చేయించితిమి. మేస్త్రీ ఆ చిన్న తొట్టె మూతపైనను సిమెంటు పూసి నున్నగా చేసెను. మేమును మెచ్చుకొంటిమి. మూడేండ్లకు పళ్లెములో నీరు వెనుకకు తన్నినప్పుడు, దారి మార్చుటకు మూత యెచట నున్నదో ఎవ్వరికిని తెలియలేదు. ఒక పూటంతయు గడ్డపారతో గచ్చు త్రవ్వితిమి. మూత దొరకిన తరువాత పని పావుగంట మాత్రమే. నిండినవైపు దారిలో ఇటుక పెట్టి మట్టితో మెత్తితిమి, రెండవ వైపు ఇటుక తీసితిమి. ఇప్పుడు ఆ మూతకు ఇనుప కడియ మొకటి యున్నది. దారి మార్చిన నెలయు సంవత్సరమును దానిమీద మేకుతో చెక్కియున్నవి.